ఫోటో కోసం విప్పిన అంగీ

జరగండి, ఇంకాస్త ఇటు జరగండి. ఆ ఫ్యాను గరగరలో నా మాట మీకు సగమే వినపడుతుంది. చాయ్ తాగుతూనే వినండి, కానీ మధ్యలో ఫోను మాత్రం తీయొద్దు. నేను చెప్పబోయేది ఫోనులోంచే మొదలైంది. నా ఒళ్లు మండింది కూడా దానివల్లే, ఇప్పటికీ చల్లారలేదు.

మా అన్న ఫుట్‌బాల్ ఆడేవాడు. వరంగల్‌లో మిల్లు వెనక మా వాడకు ఒక క్లబ్బు ఉంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ క్లబ్బుకు అన్న గోల్‌కీపర్. నేను చదివింది నాలుగో తరగతి, ఆటలో రూల్సు నాకు ఈనాటికీ పూర్తిగా తెలియవు. కానీ గోల్‌కీపర్ అంగీ సంగతి బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని కుట్టింది నేను. మిల్లులో డ్యామేజీ కింద తీసేసిన తెల్ల గుడ్డ తెచ్చి, ఇంట్లో బియ్యం వండే గిన్నెలోనే ఆకుపచ్చ రంగు కాచి ముంచాను. గిన్నె పాడైందని అమ్మ నన్ను ఆ పూటంతా తిట్టింది. మా గ్రౌండంతా మొరం, గరుకు గులకరాళ్ల నేల. అన్న పడినప్పుడల్లా మోచేతులు గీరుకుపోయేవి. అందుకని ఆ అంగీకి మోచేతుల దగ్గర లోపల దూది పెట్టి, పైన గుడ్డ ముక్క వేసి కుట్టాను. అన్న పొడుగు మనిషి. ఆ చేతులు ఆయన కొలతకే సరిపోతాయి.

మిగతా ఆటగాళ్లందరికీ నీలం అంగీలు. ఉన్నది ఒక్కటే సెట్టు. ఎవరికీ రెండోది లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మొత్తం గొడవంతా దీని మీదే నడుస్తుంది.

మా క్లబ్బుకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడికైనా టోర్నమెంటుకు పోవాలంటే బండి ఎవరో ఒకరు ఇవ్వాలి, బియ్యం ఎవరో ఒకరు ఇవ్వాలి. అట్లా ఇచ్చిన పెద్దమనిషికి మేము తిరిగి ఇవ్వగలిగింది ఏముంది? గెలిచిన రోజు తీసే ఫోటోలో ఆయనకు క్లబ్బు అంగీ తొడిగి మధ్యలో నిలబెట్టేవాళ్లు. అదే మర్యాద. అంగీలు ఒక్క సెట్టే కదా, అందుకని ఆటగాళ్లలో ఒకరు తనది విప్పి ఇచ్చి పక్కకు తప్పుకునేవారు. ఒకసారి ఒకరు, ఇంకోసారి ఇంకొకరు. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. పెళ్లిలో వియ్యంకుడికి కుర్చీ వేసినట్టే అది కూడా.

ఒక ఏడు గనుల ఊళ్లో ఫైనల్ పడింది. కేసముద్రంలో పత్తి వ్యాపారం చేసే సేటు కొడుకు, అన్న వయసువాడే, ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టేవాడు. నాయన దగ్గరున్న పత్తి లారీని మాకోసం తీసుకొచ్చాడు, తనూ మాతో వచ్చాడు. వంటకు అమ్మా నేనూ గిన్నెలతో సహా ఎక్కాం. దారి పొడవునా జుట్టు నిండా పత్తి పోగులే.

ఆట చివర్లో అవతలి జట్టుకు పెనాల్టీ ఇచ్చారు. అన్న కుడివైపు పడ్డాడు. బంతి వేలికి తగిలి బయటికి పోయింది. వేలు విరిగింది. మేము గెలిచాం. ఆ వేలు ఈనాటికీ వంకరగానే ఉంది, అన్నం కలిపేటప్పుడు పక్కకు పొడుచుకుని నిలబడుతుంది.

అప్పుడు ఫోటోగ్రాఫర్ వచ్చాడు. సేటు కొడుకు, "అన్నా, నాకు గా ఆకుపచ్చదే గావాలె. నీలంల నిలవడితె నేనేడున్ననో కనవడ" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్న చెమటతో అంటుకుపోయిన అంగీని ఒక్క చేత్తో విప్పి ఇచ్చాడు. ఆయన తన పట్టు లాల్చీ విప్పి అన్న చేతిలో పెట్టాడు. వేలినుంచి రక్తం కారుతోంది, లాల్చీకి అంటుతుందేమోనని అన్న దాన్ని మంచి చేతిలో దూరంగా పట్టుకుని ఫోటోగ్రాఫర్ వెనక నిలబడ్డాడు. నేను నీళ్ల చెంబుతో ఆయన పక్కనే ఉన్నాను. టక్కుమని ఫోటో పడింది. ఇది నా కళ్లతో చూసిన సంగతి.

ఇక ఇప్పటి కథకు వస్తాను.

హన్మకొండలో జిరాక్స్ దుకాణం నడిపే ఒక అమ్మాయి ఉంది. అమ్మాయంటే చిన్నదేం కాదు, పెళ్లీడు పిల్లలున్న తల్లి. చిన్నప్పుడు వాళ్ల నాయన భుజాల మీద కూర్చోబెట్టుకుని మా క్లబ్బు ఆటలన్నీ చూపించాడట. ఆ ప్రేమతో తనూ ఇంకో నలుగురు స్నేహితులూ కలిసి క్లబ్బు చరిత్రకు ఒక వెబ్‌సైటు పెట్టారు. జీతం లేదు, ఎవరూ అడిగింది లేదు. దుకాణం కట్టేశాక, ఆదివారాలు, పండుగలు అన్నీ దానికే పెట్టారు. ఎవరింట్లో పాత ఫోటో ఉందంటే అక్కడికి పోయి తీసుకొచ్చారు. ఆ పని మంచిదే. మంచి పని కాబట్టే నాకు మరింత కోపం వచ్చింది.

ఎందుకంటారా? మొన్నామధ్య ఆ వెబ్‌సైటువాళ్లు మా గ్రౌండులోనే పాత ఆటగాళ్లందరినీ పిలిచి శాలువాలు కప్పుదామనుకున్నారు. వెబ్‌సైటులో పేరున్న వాళ్లందరికీ ఫోన్లు పోయాయి. మా వాడలో ఇద్దరు ముగ్గురికి వచ్చాయి. మా వదిన అన్న తెల్లంగీ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీకి ఇచ్చి తెచ్చి తలుపు వెనక తగిలించింది. అన్న ఫోనును పక్కలోంచి తీయలేదు. బాత్రూముకు పోయినా వదిన చేతికిచ్చి పోయాడు. ఫోను మోగలేదు.

నా కోడలు తన ఫోనులో ఆ వెబ్‌సైటు తెరిచి చూపించింది. అదే ఫోటో. మధ్యలో ఆకుపచ్చ అంగీ. కింద రాశారు: ఫైనల్లో పెనాల్టీ ఆపిన గోల్‌కీపర్ అని ఆ సేటు కొడుకు పేరు, ఇప్పుడు ఆయనే సేటు. పక్కనే ఆయన ఇప్పటి ఫోటో, తలకు నల్లరంగు, మెడలో గొలుసు. కోడలు ఇంకా కిందికి జరిపి మొత్తం చదివింది. మా అన్న పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు. ఆయన ఆడిన మిగతా ఆటలకు ఫోటోలే దొరకలేదట, కాబట్టి అక్కడా పేరు లేదు. అంత ఆట ఆడినవాడు పుట్టనే లేదన్నట్టుంది.

అన్న దగ్గరికి పోయి చెప్పాను. మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"పోనియ్ చెల్లె" అన్నాడు.

వంటింట్లోంచి వదిన అందుకుంది. "ఈయన పోనియ్ అనందేదన్న ఉన్నదా వదినె? మిల్లు వాయె, పోనియ్. ఆటో అమ్ముడువోయె, పోనియ్. జన్మల పోనియ్యంది గా బాల్ ఒక్కటే. ఇప్పుడు గది గూడ పాయె."

 అన్న నూనె రాసుకుంటూనే ఉన్నాడు. కానీ వంకర వేలిని మిగతా వేళ్ల కింద దాచుకున్నాడు. అది చూశాక నేను ఇంట్లో కూర్చోలేకపోయాను.

మర్నాడు జిరాక్స్ దుకాణానికి పోయాను. ఆ అమ్మాయి మిషను మీద ఆధార్ కార్డులు తీస్తోంది. నన్ను కూర్చోమని స్టూలు వేసింది. నేను కూర్చోలేదు.

"గోల్‌కీపర్ మా అన్న. నీ ఫోటోల ఉన్నాయన అంగీ తొడుక్కున్న మనిషి. ఎవలనడిగి రాసినవ్ బిడ్డా?"

ముందు నుంచీ చివరిదాకా చెప్పాను. ఓపిగ్గా విన్నది. తర్వాత, "పెద్దమ్మా, నువ్వు చెప్పేది నాకు నమ్మబుద్ధి అయితాంది. గని నా దగ్గర ఫోటో ఉన్నది. ఆయన దుకాణంల గోడకు ఫ్రేమ్ కట్టిచ్చి పెట్టుకున్నరు. మీ దగ్గర ఏదన్న ఫోటో ఉన్నదా?" అంది.

"మా ఇంట్ల గోడకు సున్నమే లేకుండె. ఫ్రేమ్ ఏడ తగిలిస్తుమే?"

ఆ మాటకు తను తల వంచుకుంది. నా కోపం తన మీద కాదని తర్వాత తెలిసింది గానీ ఆ పూట తన మీదే వెళ్లగక్కాను. మీరే చెప్పండి, ఫోటోలు దొరికేది ఎవరి ఇళ్లలో? బండి ఇచ్చినవాళ్లింట్లో, బియ్యం ఇచ్చినవాళ్లింట్లో. ఆడినవాళ్లకు ఫోటో కొనుక్కునే తాహతు లేదు, కొనుక్కున్నా దాచుకునే పెట్టె లేదు. వానాకాలం వచ్చిందంటే మా ఇంట్లో బియ్యానికే పొడి చోటు దొరికేది కాదు. ఇప్పుడు ఫోటో ఉన్నవాళ్లను అడిగి చరిత్ర రాస్తే అందులో ఎవరుంటారు?

అంగీ చేతులు చూడమన్నాను. తను కంప్యూటరులో ఫోటో పెద్దది చేసింది. దూది పెట్టి కుట్టిన ముక్కలు సేటు మోచేతుల దగ్గర లేవు, జారి ముంజేతుల మీదికి వచ్చాయి. ఆయన పొట్టి. తను చాలాసేపు చూసింది.

"వదులు అంగీ అయ్యుండొచ్చు గదా అంటరు పెద్దమ్మా. మా వాళ్లే అంటరు. నువ్వేమో చెల్లెవైతివి. సేటే ఒక్క మాట చెప్తే ఇప్పుడే మారుస్త. లేకుంటే ఆ ఆట ఆడినోళ్లు ఇంకొకలన్న చెప్పాలె."

చెల్లెవైతివి అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కానీ అందులో న్యాయం ఉంది. నా అన్న కాబట్టి నేను అంటున్నానని ఎవరైనా అనొచ్చు. సరే, సేటు దగ్గరికే పోతానని ప్యాసింజర్ రైలెక్కి కేసముద్రం వెళ్లాను.

మార్కెట్ యార్డు దగ్గరే దుకాణం. హమాలీలు బస్తాలు ఎత్తుతున్నారు. సేటు గద్దె మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఆయన తలమీద గోడకు ఫ్రేమ్ కట్టిన ఫోటో, దానికి చిన్న లైటు కూడా పెట్టించాడు.

"రా అక్కా రా, ఎన్నేండ్లాయె! అరే, అక్కకు చాయ్ దెండ్రి."

"చాయ్ వద్దు సేటూ. నువ్వు గోల్‌కీపర్‌వు ఎన్నడైనవ్?"

ఆయన నవ్వాడు. నవ్వి ఫోటో వైపు చూశాడు. "నేనెన్నడన్న అన్ననా అక్కా? ఆ పోరగాండ్లే వచ్చి ఫోటో తీసుకపోయిన్రు, వాళ్లే రాసుకున్నరు."

"రాసినంక సూసినవా?"

"సూసిన."

"కాదన్నవా?"

ఆయన దిండు సర్దుకున్నాడు. "జర సల్లగ మాట్లాడు అక్కా, గిరాకీ ఉన్నది. మనుమలు సూసి ఖుషీ అయిన్రు. తాత గోల్‌కీపర్ అని బడిల జెప్పుకున్నరు. ఇప్పుడు కాదంటే ఏం బాగుంటది? మీ అన్నకు శాలువ గావాలంటే జెప్పు. నా చేతులతోని నేనే కప్పుత."

హమాలీలు బస్తా భుజాన పెట్టుకుని అట్లాగే నిలబడిపోయారు. నేను గద్దె దగ్గరికి జరిగాను.

"నీ శాలువ మా అన్నకెందుకయ్యా? ఆయన అంగీ ఆయనకియ్యి. లారీ నీది, కాదంటలే. నీ లారీ లేకుంటే ఆ ఊరు మొఖమే సూడకపోదుము. గది రాయిచ్చుకో, పెద్దక్షరాల్ల రాయిచ్చుకో. బాల్ ఆపింది నువ్వా? ఏదీ, నీ వేలు సూపియ్యి!"

హమాలీల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. సేటు వాడి వైపు చూశాడు, వాడు బస్తా ఎత్తుకుని పోయాడు. "సూద్దాం తియ్యి అక్కా" అన్నాడు సేటు. తర్వాత లెక్కల పుస్తకంలోకి తల దించాడు. చాయ్ వచ్చింది. నేను ముట్టలేదు.

రైల్లో తిరిగొస్తూ ఒకటే ఆలోచన. ఆయన అబద్ధం చెప్పలేదు. అదే నాకు మింగుడుపడటం లేదు. అబద్ధం చెప్పినవాడిని నిలదీయొచ్చు. ఎవరో పొరపాటున తెచ్చిపెట్టిన దాన్ని వద్దనకుండా ఇంట్లో పెట్టుకున్నవాడిని ఏమనాలి? వాళ్లే ఇచ్చిన్రు అంటాడు. నిజమే, వాళ్లే ఇచ్చారు.

ఇంకొక్క దారే మిగిలింది. ఆ ఫైనల్లో అన్న ముందు కుడివైపు కాపలా కాసిన మనిషి ములుగులో ఉన్నాడని విన్నాను. బస్సెక్కి పోయాను. జీపులు ఆగే చోట చిన్న చాయ్ హోటలు, ఆయనా భార్యా నడుపుతున్నారు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"అరె, లారీల శెనగ గుడాలు పంచిన పిల్లవు గదా నువ్వు!"

"మాడవెట్టింది గూడ నేనే అన్నా. మీరు తిట్టుకుంటనే తిన్నరు."

చెప్పాను. సేటు గోల్‌కీపర్ అయ్యాడని చెప్పగానే చేతిలో జల్లెడ పట్టుకుని పగలబడి నవ్వాడు. "ఆ సేటు బాల్ వస్తే కండ్లు మూసుకుంటుండె గదా!" అని భార్యను పిలిచి మరీ చెప్పాడు. నవ్వడం అయ్యాక, "మరి నేనున్ననా దాంట్ల?" అని అడిగాడు.

ఆ ఫైనల్ ఫోటోలో ఆయన ఉన్నాడు. సంతోషించాడు. మరి ఆ తర్వాతి ఏడు మన గ్రౌండులోనే గెలిచింది కదా, ఆ ఫోటో చూపించమన్నాడు. కోడలు నేర్పినట్టు వేలితో జరిపి చూపించాను. అన్న అందులో ఉండే అవకాశమే లేదు, వేలు విరిగి ఆ ఏడు ఆడలేదు. ఈయన మాత్రం ఆడాడు. ఫోటోలో ఈయన చోట మరొకాయన నిలబడి ఉన్నాడు, ఆ రోజు బియ్యం ఇచ్చిన కాంట్రాక్టరు. కింద ఈయన పేరుకు బదులు ఆయన పేరు.

ఆ మనిషి నవ్వు పోయింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడలేదు. భార్య వచ్చి దించింది.

"ఆయేడు నా అంగీ నేనే ఇచ్చిన చెల్లె. నా వంతని ఇచ్చిన. గట్లయితే ప్రతి ఫోటోల ఒకడు అవుతలోడే గదనె? ప్రతి ఫోటోల మనోడొకడు బయటనే ఉన్నడు గదనె?"

నాకు అప్పుడు తెలిసింది. నేను మా అన్న ఒక్కడి కోసం తిరుగుతున్నాను. వెబ్‌సైటువాళ్లు ఫోటోలో ఉన్న మొహాలు లెక్కపెట్టి జట్టని రాసుకున్నారు. అంగీ తొడుక్కున్నవాడల్లా ఆడినవాడే అనుకున్నారు. వాళ్లకేం తెలుసు మా అలవాటు? వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మా మగవాళ్లందరూ ఒక్కొక్కరూ తమ తమ ఇళ్లలో పోనియ్, పోనియ్ అంటూ కూర్చున్నారు.

ఆయన అక్కడినుంచే జిరాక్స్ అమ్మాయికి ఫోను చేశాడు. నేను మీ ముందు చెప్పలేని మాటలు కొన్ని వాడాడు. 

రెండ్రోజుల తర్వాత తనే మా అన్న ఇంటికి వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది. వస్తూనే, "పెద్దమ్మా, అన్ని ఫోటోల కింద పేర్లు తీసేసిన. మావాళ్లు నాతోని మాట్లాడ్తలేరు, ఏండ్ల పని పాయెనని" అంది. ఏడుపు ఆపుకుంటోందని తెలిసింది. వదిన నీళ్లిచ్చింది. అంతకుముందు నేను తిట్టిన తిట్లకు నాకే సిగ్గేసింది.

తను అన్న ముందు ఫోను పెట్టి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంది. ఇప్పుడు కూడా పోనియ్ అంటాడేమోనని నాకూ వదినకూ భయం వేసింది.

 అన్న ఫోనును తన దగ్గరికి జరుపుకున్నాడు.

"నేనే ఇచ్చిన బిడ్డా. ఆయన గుంజుకోలే. అది గూడ రాయి, లేకుంటే అబద్ధమైతది. లారీ ఇచ్చిండు, నేను అంగీ ఇచ్చిన." అక్కడ ఆగాడు. ఆయన గొంతు అట్లా పైకి లేవడం నేను మిల్లు మూసిన రోజున కూడా వినలేదు. "అంగీ ఇచ్చిన. ఆట ఇయ్యలే! ఆట ఎవనికీ ఇయ్యలే నేను!" అని మంచం పట్టె మీద చేత్తో కొట్టాడు. వంకర వేలికి తగిలి అబ్బా అన్నాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడు మీరు ఆ పేజీ తెరిస్తే ఫోటో అదే ఉంటుంది. కింద ఇట్లా రాసి ఉంటుంది: ఆకుపచ్చ అంగీలో ఉన్నవారు జట్టుకు లారీ ఇచ్చిన వ్యాపారి. గోల్‌కీపర్ ఈ ఫోటోలో లేరు. విరిగిన వేలితో, వ్యాపారి లాల్చీ పట్టుకుని కెమెరా వెనక నిలబడి ఉన్నారు. ఆ తర్వాత అన్న పేరు. కోడలితో చదివించుకుని ఎన్నోసార్లు విన్నాను.

శాలువా రోజున అన్న ఇస్త్రీ అంగీ తొడుక్కుని స్టేజీ మెట్లెక్కాడు. ములుగు ఆయన కింద నుంచి ఈల వేశాడు. సేటు కూడా వచ్చాడు, ముందు వరుసలో కూర్చున్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. ఆ చప్పట్లు వింటుంటే నాకు పోయి చేతులు పట్టి ఆపాలనిపించింది. ఆయన దుకాణంలో ఫ్రేము మీద లైటు ఇంకా వెలుగుతోందని కేసముద్రం నుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

నా కోపం దాని గురించి కూడా కాదు ఇప్పుడు. ఆ వెబ్‌సైటులో ఇంకా కొన్ని ఫోటోలున్నాయి. వాటి కింద, కెమెరా వెనక ఉన్నవారు, అని రాసి పక్కన ఖాళీ వదిలారు. ఆ ఏడు అంగీ ఎవరు విప్పారో చెప్పేవాళ్లు లేరు. కొందరు పోయారు. కొందరి పిల్లలను అడిగితే మా నాయన ఫుట్‌బాల్ ఆడేవాడా అని మమ్మల్నే అడుగుతున్నారు. ఆ ఖాళీ చూసినప్పుడల్లా నా కోపం మళ్లీ రాజుకుంటుంది. వేలు విరగ్గొట్టుకున్నవాడు ఇంకొకడు అక్కడ నిలబడి ఉంటాడు, చేతిలో ఎవరిదో పట్టు లాల్చీ పట్టుకుని. నేను ఆ రోజు అక్కడ లేను కాబట్టి చెప్పలేను. జిరాక్స్ అమ్మాయి ఇప్పటికీ ఆదివారాలు వాడవాడా తిరుగుతోంది. మీ ఇంట్లో ముసలాయన ఎవరైనా ఉంటే, ఎప్పుడైనా ఆడాడని విని ఉంటే, ఈ పూటే అడగండి. పోనియ్ అంటాడు. అలా అన్నా సరే, వదలకండి.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ ఇంటికి మేలు కలగాలి. మీ పొయ్యి మీద పాలు పొంగాలి, మీ గోడకు సున్నం ఉండాలి, ఆ గోడ మీది ఫోటోలో మీ ఇంటివాళ్లందరూ ఉండాలి. మీ మనిషి చెమటోడ్చిన పని మీ మనిషి పేరు మీదే నిలవాలి. మీ ఇంట్లో ఎవరికీ వాళ్ల అంగీ విప్పి ఇంకొకడి లాల్చీ మోసే రోజు రాకుండుగాక.